తువ్వాలు కింద రెండు రాత్రులు

ఫోన్ పెట్టేశాక కూడా కారులో నగ్మా గొంతే తిరుగుతున్నట్టుంది శశిభూషణ్‌కి. ఆ పిల్ల తప్పేం లేదు. విజయవాడలో టూర్ల ఆఫీసులో కూర్చుని తన పని తాను చేసుకుంటోంది. లీమా నుంచి తిరిగొచ్చే విమానం రెండు రోజులు వెనక్కి జరిగింది సార్, మీకు రెండు రాత్రులు అదనంగా కలిసొచ్చాయి, వాటిని ఎక్కడ గడుపుతారో గంటలోపు చెబితే గది పట్టి ఉంచుతాను, లీమాలోనే సముద్రం ఒడ్డున ఉంటారా, రియోలో ఇంకో రెండు రాత్రులు పెంచమంటారా అని చక్కగా అడిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. "లేదంటే టిటికాకా సరస్సుకి కూడా కుదురుతుంది సార్. కొండల భాగం మీరే తీసేయమన్నారు కానీ, దార్లన్నీ బాగానే ఉన్నాయి. మేడమ్ గారు మొదట్లో చాలా ముచ్చట పడ్డారు కదా అని అడుగుతున్నాను," అంది. అంతా స్పీకర్లో. చెయ్యి చాచి ఆపేలోపే మాట మొత్తం బయటికొచ్చేసింది. పక్క సీట్లో భార్య హైమవతి తల కిటికీకి ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. ఆస్పత్రి నుంచి బయల్దేరినప్పటి నుంచీ అలాగే ఉంది. నిద్రపోతోందో, మెలకువగానే ఉందో తెలియడం లేదు. కొండచరియలు విరిగిపడి దార్లు మూసేశారట, కంపెనీ వాళ్లే ఆ భాగం ఎత్తేశారట అని ఆమెకు చెప్పింది తనే. చెప్పినప్పుడు ఎంత దిగులు నటించాడో. తొందరేముంది, వచ్చే ఏడాది చూద్దాంలే అని కూడా అన్నాడు. వచ్చే ఏడాది అన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అతనికి అర్థం కాదు.

ముందు లారీలు కదలడం లేదు. మార్చి నెలలో గుంటూరు దాటడమంటే ఇంతే, యార్డుకొచ్చే మిర్చి లారీలన్నీ రోడ్డు మీదే కాపురం పెట్టేస్తాయి. ఒకదాని వెనక ఒకటి, మిర్చి బస్తాల టిక్కీల మీద టిక్కీలు, గోనెసంచుల సందుల్లోంచి ఎర్రటి పొడి రాలుతూ. అద్దాలన్నీ ఎత్తేసినా ఘాటు ఎక్కడి నుంచో దూరుతుంది. ముందు లారీ మీదున్న క్లీనర్ దగ్గాడు. పక్క ఆటోలో కూర్చున్న వాళ్లంతా కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని దగ్గారు. మోటార్ సైకిల్ మీద పోతున్న కానిస్టేబుల్ హెల్మెట్ లోపలే తుమ్మాడు. హైమ కూడా దగ్గింది, కళ్లు తెరవకుండానే. అందరి దగ్గులో కలిసిపోయింది ఆ దగ్గు. అలాగే కలిసిపోయింది నెలల తరబడి. యార్డులో తలపండిన కొనుగోలుదారు శశిభూషణ్. మిరపకాయ చెవి దగ్గర ఆడించి గింజ గలగల వింటే తేమ ఎంతుందో చెబుతాడు. విరిచి వాసన చూస్తే ఏ మండలం కాయో చెబుతాడు. అంతటి మొనగాడికి పక్కన పడుకున్న మనిషి దగ్గులో తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఈ నేల మీద మిర్చి సీజన్లో దగ్గని మనిషెవడు? మీరు వీధి మలుపు తిరగ్గానే నా ముక్కుకు కబురొస్తుంది అనేది హైమ కాపురానికొచ్చిన కొత్తలోనే. పోయిన సీజన్లో దగ్గు మొదలైనప్పుడు, మిర్చి ఘాటేలే అన్నాడు తను. ఘాటేలెండి అంది ఆమె. బళ్లో తోటి టీచర్లూ, పక్కింటి కొండమ్మా, మందుల షాపువాడూ అదే మాటన్నారు. పెరట్లోనే బట్టలు విప్పి, నీళ్లు పోసుకుని ఇంట్లోకి రావడం మొదలుపెట్టాడు, అదేదో పెద్ద వైద్యమైనట్టు. సీజన్ అయిపోయింది, యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు, వానలు పడ్డాయి, ఊరంతా దగ్గడం మానేసింది. హైమ మానలేదు. అప్పుడైనా తట్టాలి కదా. కోల్డ్ స్టోరేజీకి పోయొస్తున్నాను కదా, చొక్కాకి పట్టుకుని వస్తోంది కాబోలు అనుకున్నాడు. కొత్త చొక్కాలు కొనుక్కున్నాడు. ఇంకో ఊరివాళ్లయితే పక్షం రోజుల్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అన్నం పెట్టిన మిరపకాయే కళ్లకు గంతలు కట్టింది. ఎవరిని తిట్టాలో తెలియక ఒక్కోసారి కాటాలో ఉన్న కాయల్నే తిట్టుకుంటాడు.

లారీ ఒక బారెడు కదిలింది. ఇతనూ ఒక బారెడు కదిలి ఆపాడు. టిటికాకా. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు, అదేం పేరు, చిన్నపిల్లల్ని ఆడించడానికి అన్నట్టుందే అని నవ్వాడు. హైమ ప్రత్తిపాడు హైస్కూల్లో సోషల్ టీచరు. దక్షిణ అమెరికా పటం బోర్డు మీద చూడకుండా గీస్తుంది. పైన లావుగా, కిందికొచ్చేకొద్దీ సన్నగా, కొన దగ్గర కాస్త వంకరగా, అచ్చం మన కళ్లాల్లో మిరపకాయే, తొడిమ దగ్గర పనామా అని చెబితే ఏ పిల్లాడూ మళ్లీ మర్చిపోడు. ఆ కాయకి ఎడమ పక్కన, నడిమికి కాస్త పైన, నీలం సుద్దముక్కతో ఒక చుక్క పెడుతుంది. అంత ఎత్తున పెద్ద పెద్ద పడవలు తిరిగే సరస్సు అదేనని చెబుతుంది. ఎన్నేళ్లు పెట్టిందో ఆ చుక్క. అక్కడి జనం జమ్ము కోసి, అల్లి, దీవులు చేసుకుని వాటి మీదే ఇళ్లు వేసుకుంటారట. మన కాలవల్లో పెరిగే జమ్ములాంటిదే. అడుగున జమ్ము కుళ్లిపోతూ ఉంటుందట, పైన కొత్త జమ్ము పరుస్తూ ఉంటారట. పరవడం మానేస్తే ఏమవుతుంది అని అడిగాడు తను. మునిగిపోతారు, అందుకే ఎవరూ మానరు అంది హైమ, పప్పులోకి పోపు వేస్తూ. ఈ నాలుగు నెలలుగా అతను చేస్తున్నదీ అదే. ఒక అబద్ధం తడిసి కుంగుతుంటే పైన ఇంకోటి పరుస్తున్నాడు. ఇవాళ నగ్మా వచ్చి దాని మీద కాలు పెట్టింది.

అసలు ఈ ప్రయాణం మొదలైంది పోట్లాటతో. ఒక సాయంత్రం పేపర్లు దిద్దుకుంటూ, మీ మిరపకాయ మనది కాదు తెలుసా, ఆ దేశాలదే, పడవల్లో వచ్చింది, అంతకుముందు మనవాళ్లు మిరియాలే తినేవాళ్లు అంది. అతనికి తల కొట్టేసినట్టయింది. గుంటూరు పేరు చెబితే ప్రపంచమంతా కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, ఇప్పుడొచ్చి మనది కాదంటుందా. ఆ రాత్రి గోంగూరలో ఎండుమిరపకాయ నంజుకోకుండా అలిగాడు. మర్నాడు యార్డులో తనకి పని నేర్పిన మాబు సాహెబ్‌ని అడిగితే, ఆయన నవ్వి నిజమేనన్నాడు. అవునంటూ ఇంటికొచ్చి ఒప్పుకున్నాక, అయితే దాని పుట్టిల్లు చూసొద్దాం అన్నాడు సరదాకి. ఆ సరదా మాటని హైమ మర్చిపోలేదు. బెంగుళూరులో ఉద్యోగం చేసే కూతురు అన్విత కూడా మర్చిపోలేదు. ఇరవై అయిదో పెళ్లిరోజుకి నా కానుక అంటూ టూరు మాట్లాడి పెట్టింది. లీమా, పైన కొండలు, సరస్సు, ఆ తర్వాత మిగతావి. హైమ అప్పటికే దగ్గుతోంది. దగ్గుతూనే స్వెట్టర్లు కొంది. ప్రత్తిపాడులో స్వెట్టరు వేసుకుని అద్దం ముందు నిలబడి చెమటలు కక్కుతూ, ఎలా ఉన్నాను అని అడిగింది. ఎలా ఉంది? బాగుంది. చెప్పలేదు తను. ఏదో వెటకారం చేశాడు, ఎలుగుబంటి అన్నాడు. బాగున్నావు అనడానికి ఏం ఖర్చయ్యేది?

డాక్టర్ రహమతున్నీసా మెత్తటి మనిషి, కానీ మాట దాచదు. ఇవాళ నర్సు వచ్చి హైమని ఆవిరి పట్టడానికి లోపలికి తీసుకెళ్లాక, అతన్ని కూర్చోబెట్టి, నాలుగు నెలల కింద బయటపడ్డ గడ్డ ఎంత పెరిగిందో కొత్త స్కానులో చూపించింది. మందు ఇక పట్టడం లేదంది. "మూడు నెలలు బాగా చూసుకోవచ్చు. నాలుగో నెలకి నేను మాట ఇవ్వలేను," అంది. వెళ్లాలనుకుంటే ఈ నెలలోనే వెళ్లిరండి, విమానానికి కావలసిన కాగితం నేనిస్తాను, ఎత్తు ప్రదేశాలకి మాత్రం వద్దనే అంటాను, వెళ్లినా ముక్కుకి గొట్టం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చోవాల్సిందే, అది కూడా మంచిది కాదు అంది. ఆఖర్న, ఆవిడకి చెప్పే తీసుకెళ్లండి, ఎందరికో చదువు చెప్పిన మనిషి, తన సంగతి తనకి తెలియకపోతే ఎలా అంది. అతను తల ఊపాడు. తల ఊపడం ఇప్పుడు బాగా అలవాటైంది. అన్విత కూడా ఫోన్లో ఏడ్చి ఏడ్చి అదే చెబుతుంది, అమ్మకి చెప్పండి నాన్నా, మీరు చెప్పకపోతే నేను చెప్పేస్తాను అని. నువ్వు చెబితే నా మీద ఒట్టే అని కూతురి నోరు కట్టేశాడు. హైమకి తను చెప్పింది ఊపిరితిత్తుల్లో పాత టీబీ మచ్చ అని. అంటుకునే రకం కాదని తనే కలిపాడు. మాత్రలు ఎక్కువ కాలం వాడాలన్నాడు, కొంచెం నీరసం ఉంటుందన్నాడు, జుట్టు రాలితే వేడి చేసిందన్నాడు. అంత చదువుకున్న మనిషి, పిల్లల ప్రోగ్రెస్ కార్డులో తండ్రి సంతకం కాస్త వంకరగా ఉంటే దొంగతనం పట్టేసే మనిషి, ఒక్కసారి కూడా ఫైలు ఇటివ్వండి చూద్దాం అనలేదు. తన అదృష్టం అనుకున్నాడు. ఇప్పుడు, ఈ లారీల మధ్య ఇరుక్కుని, కిటికీకి ఆనిన ఆ తలని చూస్తుంటే, అది అదృష్టం కాదేమో అని మొదటిసారి భయం వేసింది.

భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కారులో ఏసీ ఉన్నా తువ్వాలు లేకుండా అతను గడప దాటడు. యార్డులో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ కుడిచేతులు కలుపుతారు, వాటి మీద తువ్వాలు కప్పుతారు, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. మొహాలు చూసుకోరు, ఎక్కడో కాకిని చూస్తున్నట్టు చూస్తారు. ఒక వేలు తగ్గుతుంది, ఒక వేలు పెరుగుతుంది, ఏ అరుపూ లేకుండా రైతు ఏడాది కష్టం తేలిపోతుంది. మాబు సాహెబ్ అతనికి మొదటి రోజే నేర్పాడు. "నోరు అబద్ధమాడినా ఫర్వాలేదురా అబ్బాయ్, వేలు ఆడకూడదు. వేలు అబద్ధమాడినోడికి యార్డులో మళ్లా ఎవడూ చెయ్యివ్వడు," అన్నాడు. ఆ మాట శశిభూషణ్ ఇవాళ్టికీ తప్పలేదు. ఒకసారి పట్టిన ధర పెంచడు, తగ్గించడు. అమ్మేవాళ్లు ఇంకో వేలు అతని పిడికిట్లోకి నెట్టి చూస్తారు, బొటనవేలితో మర్యాదగా బయటికి తోసేస్తాడు. శశిభూషణ్ వేలు అంటే యార్డులో ఆఖరి మాట.

కొత్త పెళ్లికూతురుగా వచ్చిన హైమ ఆ విద్య తనకీ నేర్పమంది. నేర్పాడు. ఇక ఇంట్లో ఏది తేలకపోయినా తువ్వాలు వచ్చేది. పుట్టింట్లో ఎన్ని రోజులుండాలి అన్నది తువ్వాలు కిందే తేలేది. హైమ అత్తగారు హాల్లో కూర్చుని ఉండగా, ఎదురుగా టీవీ చూస్తున్నట్టు మొహాలు పెట్టి, తువ్వాలు కింద వేళ్లు లాక్కునేవాళ్లు. నోటికి రాని మాటలకి కూడా అదే దారి. ఒకసారి ఆమె తన చెయ్యి అతని చేతికిచ్చి, అతని పిడికిట్లో తన రెండు వేళ్లు మాత్రం ఉంచింది. రెండు రోజులు పుట్టింటికి పోతానంటోంది అనుకుని, కుదరదు, పనుంది అని తోసేశాడు. మళ్లీ రెండు వేళ్లు. మళ్లీ తోసేశాడు. మూడోసారి ఆమెకి కోపం వచ్చి ఆ చేతిని అలాగే లాక్కెళ్లి తన పొట్ట మీద పెట్టుకుంది. రెండో నెల. అన్విత. వంటింట్లోకి పోయి అతను ఎందుకు ఏడ్చాడో, ఎందుకు నవ్వాడో అత్తగారికి అర్థం కాలేదు. ఆ తర్వాత ప్రతి నెలా ఒక వేలు కలుపుతూ వచ్చారు, కుడిచేతి వేళ్లు అయిపోయాక ఎడమచెయ్యి కూడా తువ్వాలు కిందికొచ్చింది. నెలలు అలా పెరిగిన రోజులున్నాయి. ఈ నాలుగు నెలల్లో అతను ఒక్కసారి కూడా తువ్వాలు ఆమె దగ్గరికి తీసుకెళ్లలేదు. అదీ ఆమె గమనించే ఉంటుంది. ఏది గమనించదు హైమ?

లారీలు కదిలాయి. రోడ్డు కాస్త ఖాళీ అయింది, గాలి మారింది. రెండు పక్కలా నల్లరేగడి. ఏరేసిన పత్తిచేలల్లో ఎండిన మోళ్లు, మధ్యలో ఎక్కడో పీకి కుప్పపోసి తగలబెడుతున్న పొగ. పోయిన నెల పత్తి లారీలు రాసుకుపోయిన చోటల్లా తుమ్మకొమ్మలకి తెల్లటి పింజలు ఇంకా వేలాడుతున్నాయి. గంటలోపు చెప్పాలి. లీమా అని చెప్పేయొచ్చు. సముద్రం పక్కన, నేల మట్టంలో ఉంటుంది, గాలి చిక్కగా ఉంటుంది, హైమ తలకింద రెండు దిండ్లు చాలు. చేపలు బాగుంటాయట అని చెప్పొచ్చు. చేపలు తిననే తినదు. రియో అనొచ్చు, అక్కడా సముద్రమే. మన బాపట్ల సముద్రం చూడని మనిషా ఆమె? ఇన్నేళ్ల నీలం చుక్క మీద నీళ్లు చల్లి, భూగోళం అవతలికి తీసుకెళ్లి మళ్లీ ఇసకే చూపిస్తాడా? మరి పైకి తీసుకెళితే? అక్కడ గాలి పలచన. ఇక్కడ మెట్లు రెండెక్కితేనే గోడ పట్టుకుంటోంది. ఆ పలచటి గాలిలో ఏదన్నా అయితే? ఎవరూ తెలుగు మాట్లాడని ఆ కొండ మీద, తనకి రాని భాషలో ఎవరిని పిలవాలి? వద్దు. లీమా. అనుకుంటూనే ఇంకో కోరిక ఎక్కడి నుంచో లేచింది, సిగ్గులేని కోరిక. అదనంగా రెండు రాత్రులు ఇస్తున్నారు కదా, వాటిని ఇప్పుడొద్దు, అక్కడొద్దు, ఆఖర్న కలపండి అని అడగాలని ఉంది. డాక్టరమ్మ మాట ఇవ్వలేనన్న నాలుగో నెల చివర్న కలపండి. ఇంట్లోనే, మామూలుగా, ఆమె పేపర్లు దిద్దుకుంటూ, తను పేపరు చదువుకుంటూ, మాట్లాడుకోకపోయినా ఫర్వాలేదు. నగ్మా పాపం అలాంటి రాత్రులు ఎక్కడ బుక్ చేస్తుంది? రోడ్డు మసకబారింది. ఘాటు అనుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"కాస్త ఆపండి," అంది హైమ.

కళ్లు తెరవలేదు. గొంతులో నిద్ర లేదు. అతను కారు పక్కకు తీసి ఆపాడు. అక్కడో కళ్లాం. ఎండకి పరిచిన మిరపకాయలు రోడ్డు అంచు నుంచి అవతల జమ్మిచెట్టు దాకా ఎర్రగా. ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు, ఒకామె కాళ్లతో కాయల్ని తిరగేస్తూ నడుస్తోంది. నడిచినంత మేరా వెనక ఒక గీత పడుతోంది. హైమ ఇప్పుడు కళ్లు తెరిచి అటు చూస్తూ అద్దం దించింది. ఘాటు ఒక్కసారిగా లోపలికొచ్చింది.

"అద్దం ఎత్తు హైమా, దగ్గొస్తుంది."

"రానివ్వండి. దీని దగ్గు కాదుగా నాది," అంది.

స్టీరింగ్ మీద అతని చేతులు అలాగే ఉండిపోయాయి. నగ్మా ఏదో పొరపాటు పడింది, వేరే ఎవరి టూరో అనుకుని మాట్లాడింది అని మొదలుపెట్టబోయాడు. కొత్త జమ్ము చేతికందింది, పరవడమే తరువాయి. హైమ అతని భుజం మీంచి తువ్వాలు లాక్కుంది. ఒడిలో పరిచి, మడత సరిచేసి, అంచు మీద ఒక మిర్చి గింజ అంటుకుని ఉంటే గోటితో తీసేసింది.

"నోటితో వద్దు. చెయ్యివ్వండి," అంది.

బేరం కుడిచేత్తోనే. అతను సీట్లో పక్కకు తిరిగి కుడిచెయ్యి ఇచ్చాడు. ఆమె తన చెయ్యి దానికి కలిపి తువ్వాలు కప్పింది. ఎంత తేలికైపోయింది ఆ చెయ్యి. గాజులు మోచేతి దాకా జారాయి, ఉంగరం వదులై వేలి మీద తిరిగింది. సుద్దముక్క పట్టి పట్టి చూపుడువేలి పక్కన కాసిన కాయ ఒక్కటే మారలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె కళ్లాం వైపు చూస్తోంది. అతను తన వైపు అద్దంలోంచి పొగ లేస్తున్న పత్తిచేను చూస్తున్నాడు.

"నెలలు," అంది హైమ.

ఒక్క మాట. అన్ని వేళ్లూ తెరిచి అతని చేతిలో పెట్టింది, ఎన్ని పట్టుకుంటారో పట్టుకోండి అన్నట్టు. అయిదూ పట్టేసుకోవచ్చు. రెండో చెయ్యి కూడా అడిగి పదీ పట్టేసుకోవచ్చు. నాలుగు నెలలుగా నోరు ఎన్ని అబద్ధాలు చెప్పింది, చెయ్యి ఒక్కటి చెప్పలేదా? చెప్పలేదు. మాబు సాహెబ్ ఎక్కడున్నాడో ఏమో, ఆయన గొంతు ఇక్కడ వినపడింది. రోజూ బస్తాల మధ్య రైతు కళ్లలోకి చూడకుండా నిజం చెప్పిన వేళ్లు అవి, వాటికి ఇంకోటి రాదు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు. మూడు పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు.

హైమ ఉలిక్కిపడలేదు. తెలుసన్నట్టూ లేదు, తెలియదన్నట్టూ లేదు. ఒక్క ఊపిరి మాత్రం సగంలో ఆగి, కాసేపటికి మిగతా సగం తీసుకుంది. కళ్లాంలో కాయలు తిరగేస్తున్నామె ఆ చివరి దాకా నడిచి మళ్లీ ఇటు తిరిగింది. అప్పుడు తువ్వాలు కింద ఏదో కదిలింది. హైమ చిటికెనవేలు మెల్లగా వచ్చి అతని పిడికిలి అంచుని తాకింది, తలుపు దగ్గర నిలబడి అడిగినట్టు. అమ్మే ప్రతి ఒక్కరూ చేసేదే. ఇంకొక్కటి. అతని బొటనవేలు అలవాటు కొద్దీ లేచింది, తోసేయడానికి. తోయలేకపోయింది. ముప్ఫై ఏళ్లలో ఎవరికీ పెంచని మనిషి పిడికిలి విప్పి, ఆ నాలుగో వేలు కూడా లోపలికి తీసుకుని, గట్టిగా మూసేశాడు. మూయగానే లోపల ఏదో తెగింది, భోరుమన్నాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయని కూడా చూసుకోలేదు.

హైమ అతన్ని ఏడవనిచ్చింది. ఊరుకోండి అనలేదు. ఏడుపు కాస్త తెరిపి ఇచ్చాక, కళ్లాం మీంచి చూపు మరల్చకుండానే, "మీరు ధర పెంచరని యార్డంతా చెప్పుకుంటారే," అంది.

"నీకు పెంచాను," అన్నాడు.

"మీ దగ్గర సరుకు లేదుగా."

లేదు. ఆమెకివ్వడానికి అతని దగ్గర మూడు వేళ్లకి మించి ఏమీ లేదు, ఆ మూడూ తనవి కావు. ఆమె చిటికెనవేలు పిడికిట్లోంచి నెమ్మదిగా బయటికి తీసుకుంది. తీసుకునేటప్పుడు అతని పిడికిలి వెంట పడింది, ఆమె తప్పించింది.

"దీన్ని మీరే ఉంచుకోండి. దీనికి బదులు నాకు ఆ రెండు రాత్రులూ సరస్సు దగ్గర ఇప్పించండి."

అక్కడ నడవలేవు అన్నాడు. కూర్చుంటాను అంది. అక్కడ గాలి ఆడదు హైమా అన్నాడు. ఇక్కడ ఆడుతోందా అంది. విసుగ్గా కాదు, పిల్లాడికి లెక్క చెప్పినట్టు. గొట్టం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చోవాలట అని డాక్టరమ్మ మాట మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. కిటికీలోంచి నీళ్లు కనపడతాయి కదా, ఆ జమ్ము దీవులు కనపడతాయి కదా, చాలు అంది. స్వెట్టర్లు ఊరికే పోతాయేమో అనుకున్నాను అంది.

"ఆ స్వెట్టర్లో బాగున్నావు," అన్నాడు. ఎన్నాళ్లకో వచ్చింది ఆ మాట.

హైమకి నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. కళ్లాంలో ఆడవాళ్లు తలలెత్తి చూశారు. ఒకామె, ఘాటుకి అలవాటు లేనట్టుందమ్మా ఆవిడకి, అద్దం ఎక్కించుకోండయ్యా అని కేకేసింది. శశిభూషణ్ అవుననలేదు, కాదనలేదు. దగ్గు తగ్గేదాకా ఆ మూడు వేళ్లూ పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకున్నాడు. సార్, గది ఎక్కడ పట్టమంటారు అని నగ్మా అడుగుతోంది.

"టిటికాకా దగ్గరేనమ్మా, రెండు రాత్రులూ. ఆక్సిజన్ సంగతి కూడా కనుక్కో. కిటికీలోంచి నీళ్లు కనపడే గది చూడు," అన్నాడు.

కొండల భాగం మీరే వద్దన్నారు కదా సార్ అంది ఆ పిల్ల అయోమయంగా. అవునమ్మా, నేనే అన్నాను, మీ మేడమ్ గారితో ఇప్పుడే మాట్లాడాను అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. బేరం కుదరగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పక్క బస్తా దగ్గరికి పోవడం యార్డులో ఆనవాయితీ. ఎండ వాలి, కళ్లాంలో ఆడవాళ్లు కాయల్ని కుప్పకి చేర్చి పట్టాలు కప్పడం మొదలుపెట్టారు. కారులో వాళ్లిద్దరూ తువ్వాలు తీయలేదు.